పుట్టకముందు సగం నాది

థైమస్ అనే గ్రంథి ఒకటి ఉందని మామూలు మనుషులకు తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ రాదు. రొమ్ము ఎముక వెనక, గుండెకు కాస్త పైన, రెండు ఆకులను పక్కపక్కన ఆనించినట్టు ఉంటుంది. ఒంటి బరువుతో పోలిస్తే పసిబిడ్డలో అది చాలా పెద్దది. ఈడు వచ్చేదాకా పెరిగి, ఆ తరువాత ఏటేటా కుంచించుకుపోయి కొవ్వుగా మారుతుంది. నా వయసు మనిషిలో దాని జాడ వెతకాలంటే కత్తి పట్టినవాడికి చాలా ఓపిక కావాలి. నా జీవితంలో పదకొండేళ్లు దానికే పెట్టాను. ఆ పదకొండేళ్ల పనిలో సగాన్ని మా శాఖ హెడ్ ఎత్తుకుపోయాడు. ఇది ఆ సగం సంగతి.

ఆయన పోయి చాలా కాలమైంది. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. ఆయన బతికుండగానే ఇదంతా రాసి ఒక ప్రతి ఆయనకు రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. కాబట్టి ఆ నియమం నాకు అంటదు.

నేనప్పుడు యూనివర్సిటీలో జంతుశాస్త్రం లెక్చరర్‌ని. రాయలసీమ నుంచి ఉద్యోగానికి వచ్చి, తార్నాకలో రెండు గదుల ఫ్లాట్‌లో చెల్లెలితో ఉండేదాన్ని. చెల్లెలు బ్యాంకులో పనిచేసేది. పొద్దున్నే క్యాంపస్‌లోకి నడిచి వెళ్లి, ముందు మా శాఖ వెనకనున్న ఎలుకల గది తాళం తీసి, వాటికి నీళ్లు పెట్టి, ఆ తరువాతే నా గదికి వెళ్లేదాన్ని.

నా పని తెల్ల ఎలుకల థైమస్ మీద. పిండంలో అది మొలకెత్తిన రోజు నుంచి ముసలి ఎలుకలో కొవ్వు పట్టే రోజు దాకా, ఏ వయసుకు ఆ వయసు మైనంలో పోతపోసి, పలచగా కోసి, రంగు వేసి, గాజు పలకల మీద నిలపాలి. పిండాల పని కష్టమైనది. ఆడ ఎలుకను, మగ ఎలుకను సాయంత్రం ఒక బోనులో పెట్టి, పొద్దున జత కట్టాయో లేదో చూసి, ఆ పొద్దు నుంచి రోజులు లెక్కపెట్టాలి. ఒక్క పూట లెక్క తప్పినా ఆ పిండం దేనికీ పనికిరాదు. అందుకే పిండాల కోసం ఎలుకలను కొనుక్కురాలేం. మన దగ్గరే పెంచుకోవాలి.

పదమూడో రోజుకు పిండం చిక్కుడు గింజంత ఉంటుంది. గొంతుకు రెండు పక్కలా వరసగా చిన్న సంచుల్లాంటివి ఏర్పడతాయి. వాటిలో మూడో జత నుంచి రెండు మొగ్గలు బయలుదేరతాయి. అవి మెడలోంచి ఛాతీలోకి దిగి, గుండె మీద ఒకదాని పక్కకు ఒకటి చేరతాయి. మొదట్లో అక్కడ గూడు కట్టే కణాలే ఉంటాయి. ఒకటి రెండు రోజుల్లో రక్తంలో కొట్టుకొచ్చిన, రోగాలతో పోరాడే లింఫ్ కణాలు, కొత్తగా కట్టిన ఇంట్లోకి అద్దెకు దిగినట్టు, ఒక్కొక్కటే చేరి అక్కడే పిల్లల్ని పెడతాయి. పుట్టే రోజు దగ్గరపడేసరికి గ్రంథి చిన్న చిన్న గదులుగా విడిపోయి ఉంటుంది. ప్రతి గదిలో బయటి పొర వల్కలం. కణాలతో కిక్కిరిసి, రంగు వేస్తే ముదురు నీలంగా కనిపిస్తుంది. లోపలిది దవ్వ. పలచగా, లేతగా ఉంటుంది. మనుషుల దవ్వలో ఉల్లిపాయ పొరల్లాంటి గుండ్రటి ముద్దలు కూడా ఉంటాయి. ఎలుకల్లో అవి అరుదు. ఎప్పుడైనా ఒకటి దొరికితే ఆ రోజు ఇంటికెళ్లేటప్పుడు మైసూర్‌పాక్ కొనుక్కునేదాన్ని.

ఇలా చేసిన స్లైడ్లను రెండు రకాల పెట్టెల్లో పెట్టాను. పుట్టకముందువి, పుట్టిన తరువాతవి. రెండూ పూర్తయ్యాకే అచ్చుకు పంపాలని, మధ్యలో ఒక్క వయసు తక్కువైనా పంపకూడదని నా పట్టుదల.

1993 వేసవి సెలవుల్లో, పుట్టిన తరువాతి పెట్టెలను కొలతలు తీసుకోవడానికి తార్నాక ఇంటికి తెచ్చుకున్నాను. పుట్టకముందువి నా గదిలో బీరువాలోనే ఉన్నాయి. జూన్‌లో తలుపులు తీసేసరికి బీరువా ఖాళీగా ఉంది. విరగ్గొట్టలేదు. శాఖ ఆఫీసులో ఉండే రెండో తాళంచెవితో తీశారు.

హెడ్ గదికి వెళ్లాను. ఆయన హైదరాబాదువాడే, చేపల మీద పెద్ద పేరున్నవాడు. ఆయన దగ్గర అప్పుడే ఒక కుర్రవాడు పీహెచ్‌డీకి చేరాడు. కరీంనగర్ వైపు పల్లె నుంచి వచ్చి హాస్టల్‌లో ఉండేవాడు. నా స్లైడ్లు ఆ గదిలోనే ఒక మూల అతని టేబుల్ మీద ఉన్నాయి. నా చీటీలు గీకేసి, కొత్త చీటీలు అంటించి ఉన్నాయి.

"ఇవి నావి సార్," అన్నాను.

"మీవి ఎట్లయితయమ్మా?" అన్నాడు హెడ్, కుర్చీలోంచి కదలకుండా. "గాజు డిపార్ట్‌మెంట్‌ది. మైనం డిపార్ట్‌మెంట్‌ది. ఎలుకలు డిపార్ట్‌మెంట్‌యి."

"చేతులో?"

"చేతులకు నెలనెలా జీతం ఇస్తున్నం గదా!" అని నవ్వాడు. "పిలగాని థీసిస్‌ల ఫస్ట్ చాప్టర్‌కు పనికొస్తయి. మీరు సీనియర్. పెద్ద మనసు చేసుకోవాలె."

పైకి ఫిర్యాదు చేస్తే అది విచారణకు ఆయన దగ్గరికే తిరిగి వస్తుంది. మా దగ్గర పద్ధతి అదే. ఇంటికొచ్చి చెల్లెలికి చెప్పాను.

"మిగిలిన సగమన్నా జాగ్రత్తగా పెట్టుకో అక్కా," అంది. "ఇంగ వాళ్లకు అది కూడా కావాల్సొస్తాది."

ఆ మాట నాకు బాగా నచ్చింది. పుట్టిన తరువాతి పెట్టెలను మా ఇంటి బీరువాలో, పట్టుచీరల కింద పెట్టి తాళం వేశాను. నా గ్రంథి సగం వాళ్ల దగ్గర, సగం నా దగ్గర. పుట్టుక దగ్గర రెండు ముక్కలైంది.

కుర్రవాడు రెండో సగాన్ని తనే చేసుకోవాల్సి వచ్చింది. పుట్టిన ఎలుకలకు రోజులు లెక్కపెట్టే బాధ లేదు. మూడు వారాలవి, ఐదు వారాలవి, ఎనిమిది వారాలవి అని చెప్పి బయటి ఊరి నుంచి తెప్పించుకోవచ్చు. అవి చెక్కపెట్టెల్లో రైలెక్కి కాచిగూడ స్టేషన్‌లో దిగేవి. అక్కడి నుంచి ఆటోలో మా శాఖకు.

మా శాఖలో ఒక ఆచారం ఉండేది. ఏ జంతువు వచ్చినా వచ్చిన పూటే కోసి, కుళ్లిపోకుండా మందులో వేసెయ్యాలి. అది హెడ్ పెట్టిన ఆచారం. చేపలకు అది సరైనదే. పొద్దున చెరువులో పట్టింది సాయంత్రానికి ఉబ్బిపోతుంది. ఎలుకలకు అది తప్పు, థైమస్‌కు మరీ తప్పు. ఆకలైనా, దాహమైనా, భయమైనా, ఎండైనా ఒంట్లో మొట్టమొదట లొంగిపోయేది థైమసే. ఒకటి రెండు రోజుల బాధకే వల్కలంలోని లింఫ్ కణాలు గుంపులు గుంపులుగా చచ్చిపోతాయి. గ్రంథి నలిగిన ఆకులా అయిపోతుంది. రైల్లో వచ్చిన ఎలుకకు రెండు వారాలు తిండి, నీళ్లు, నిశ్శబ్దం ఇస్తేనే కుదుటపడుతుంది. నేను బయటి నుంచి ఎలుకను తెచ్చుకుంటే అలాగే చేసేదాన్ని. హెడ్ దానికి పేరు కూడా పెట్టాడు. "మేడమ్ గారి అత్తగారిల్లు. అల్లుళ్లకు మర్యాదలు నడుస్తున్నయి," అని కారిడార్‌లో అందరికీ చెప్పేవాడు.

మరుసటి ఏడాది కుర్రవాడు తన స్లైడ్లు పట్టుకుని నా గదికి వచ్చాడు.

"మేడమ్, ఒక్కసారి సూస్తరా? సార్‌కు చేపలు తెలుసు గానీ..." అని ఆగిపోయాడు.

మైక్రోస్కోప్‌లో పెట్టి చూశాను. మూడు వారాల ఎలుక. వల్కలం దళసరిగా, ముదురుగా ఉండవలసిన వయసు. నాకు కనిపించింది పలచబడి, చిల్లులు పడి, దవ్వ కన్నా లేత రంగులో ఉన్న వల్కలం. నీలం లోపల, తెలుపు బయట. చొక్కా తిరగేసి తొడుక్కున్నట్టుంది. ఒక్క చూపుకే అర్థమైంది. ఇది ఆ వయసు థైమస్ కాదు, ఆ ప్రయాణపు థైమస్.

"ఎట్లున్నయి మేడమ్?"

"రంగు బాగా పట్టింది," అన్నాను. అది నిజం. రంగు చాలా బాగా పట్టింది.

"పుట్టినప్పుడు గంత పెద్దగున్నది, మూడు వారాలకే చిన్నగైతున్నది మేడమ్. బుక్కుల్లో ఇట్ల లేదు. సార్‌కు చెప్తే, కొత్త విషయం కనిపెట్టినవ్ అన్నడు."

"సార్ అంతటివారు అంటే అదే అయ్యుంటుంది," అన్నాను.

వాళ్ల థీసిస్‌లో పుట్టకముందు సగం నాది, ప్రశాంతంగా పెరిగిన తల్లుల కడుపులోది. పుట్టాక సగం కాచిగూడలో దిగింది. రెండింటినీ అతికిస్తే, థైమస్ పుట్టిన మర్నాటి నుంచే కుంచించుకుపోతుందని తేలుతుంది! ప్రపంచంలో ఎవరూ చెప్పని మాట. హెడ్‌కు కాళ్లు నేల మీద ఆనలేదు. 1995లో ఏదో సభకు వెళ్లి ఆ మాట చెప్పి, శాలువాతో తిరిగి వచ్చాడు. కుర్రవాడి పేరు కింద, తన పేరు పైన వేసి అచ్చుకు కూడా ఇచ్చాడు.

నేను నోరు విప్పలేదు. చెల్లెలికి మాత్రం చెప్పాను.

"ఏమక్కా, తెలిసి కూడా ఊరకుండావా?"

"అడిగిన దానికి జవాబు చెప్పాను. రంగు ఎలా ఉందని చూశాను, బాగుందన్నాను."

"నీకు సంసారం ఉండుంటే ఇంత పగ పెంచే తీరిక ఉండేది కాదు."

"సంసారం ఉంటే ఆ స్లైడ్లే ఉండేవి కావు. అప్పుడు ఎత్తుకుపోవడానికేం ఉండేది?" అన్నాను. చెల్లెలు నవ్వి, చిక్కుడుకాయల గిన్నె నా ముందుకు తోసింది.

అప్పుడే చెప్పి ఉంటే ఏమయ్యేది? హెడ్ నన్ను మెచ్చుకుని, ఎలుకలకు రెండు వారాలు విశ్రాంతి ఇప్పించి, సరైన రెండో సగం చేయించి, నా మొదటి సగంతో కలిపి, నా పేరు లేకుండా మంచి థీసిస్ సమర్పించి ఉండేవాడు. నేను ఆయనకు రెండోసారి పనిమనిషిని కాదలచుకోలేదు.

1996 ఫిబ్రవరిలో వైవా జరిగింది. మా దగ్గర అది అందరి ముందూ జరిగే పరీక్ష. కుర్రవాడు ప్రొజెక్టర్‌తో గోడ మీద బొమ్మలు వేసి చెబుతాడు. బయటి యూనివర్సిటీ నుంచి వచ్చిన పెద్దాయన అడుగుతాడు. చివర్లో సభలో ఎవరైనా అడుగుతారా అని మాటవరసకు అంటారు. ఎవరూ అడగరు. బయట సమోసాలు చల్లారిపోతుంటాయి. ఆ రోజు పరీక్షకు వచ్చినాయన శరీరనిర్మాణం చెప్పే ముసలి ప్రొఫెసర్. మొదటి అధ్యాయం బొమ్మలు చూసి "ఎంత నీటైన కోతలయ్యా! నీ చెయ్యి మంచిది," అన్నాడు. కుర్రవాడు తల వంచుకున్నాడు. హెడ్ తల ఎత్తుకున్నాడు.

మాటవరసకు అడిగారు. నేను లేచాను.

"ఈ మూడు వారాల ఎలుకలు ఇక్కడ పుట్టినవేనా?"

"కాదు మేడమ్. బయటికెల్లి తెప్పించినం. రైల్ల కాచిగూడకు వస్తయి."

"వచ్చాక ఎన్నాళ్లు ఉంచావు?"

"ఉంచలే మేడమ్. అదే పొద్దు మాపటికి కోసిన."

"ఎందుకు?"

అతను హెడ్ వైపు చూశాడు. "గీడ అట్లనే చేస్తరు మేడమ్. వచ్చిన పూటనే కొయ్యాలె."

"నీళ్లన్నా పెట్టావా?"

ముసలి ప్రొఫెసర్ కళ్లజోడు సర్దుకుని, "ఆ బొమ్మ మళ్లీ వెయ్యి," అన్నాడు. చాలాసేపు చూశాడు. తరువాత మెల్లగా ఒక పాత సంగతి చెప్పాడు. వెనకటికి వైద్యులు థైమస్‌ను పేదపిల్లల శవాల్లో నేర్చుకున్నారట. ఆ పిల్లలు తిండి లేక, నెలల తరబడి జబ్బుపడి పోయినవాళ్లు. వాళ్ల థైమస్ వేలెడంత ఉండేది. అదే మామూలు కొలత అనుకున్నారు. ఆ తరువాత ఆరోగ్యంగా ఉన్న బిడ్డలో అసలు కొలత కనిపిస్తే, ఇది జబ్బు అని భయపడి ఎక్స్‌రే కిరణాలతో కాల్చారు. అలా కాల్చినవాళ్లలో కొందరికి పెద్దయ్యాక గొంతులో క్యాన్సర్ వచ్చింది.

"మీరూ అదే చేశారు," అన్నాడు, కుర్రవాడిని వదిలేసి నేరుగా హెడ్‌ను చూస్తూ. "బెదిరిపోయిన జంతువును కోసి, ఇదే సహజం అన్నారు. పుట్టాక భాగమంతా మళ్లీ చేయించండి. మొదటి భాగం మాత్రం అద్భుతం."

ఆ రోజు సమోసాలు రెండు తిన్నాను.

ఆదివారం మధ్యాహ్నం హెడ్ తార్నాకలో మా ఇంటికి వచ్చాడు. చేతిలో ద్రాక్షపళ్ల సంచి. చెల్లెలు తలుపు తీసి, "అక్కా, చేపల సారు వచ్చినాడు," అని లోపలికి కేకవేసింది. ఆయన వినే ఉంటాడు.

"నీళ్లు తాగుతారా సార్? దూరం నుంచి వచ్చారు," అన్నాను.

"గా మాటలు ఎందుకులేమ్మా." రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "మీ దగ్గర పుట్టినంక స్లైడ్లు ఉన్నయని తెలుసు. అవిస్తే నెల రోజులల్ల థీసిస్ సరిచేసి పంపిస్తం. లేకుంటే పిలగాడు మళ్ల మొదటికెల్లి చెయ్యాలె. ఫెలోషిప్ అయిపోతున్నది. హాస్టల్ ఖాళీ చేయమంటరు. వాని మొహం చూసన్నా..."

"పిల్లవాడి మీద నాకేమీ లేదు సార్. ఉన్నది మీ మీదే."

"ఏం కావాలె మీకు?"

"బుధవారం సెమినార్‌లో అందరి ముందూ నిలబడి, మొదటి అధ్యాయం స్లైడ్లు ఎవరివో, నా బీరువాలోంచి అవి ఎలా బయటికి వచ్చాయో మీ నోటితో చెప్పండి. ఆ సాయంత్రమే మిగతా పెట్టెలు మీ టేబుల్ మీద ఉంటాయి."

"నోటితోనే చెప్పాల్నా? రాసిస్తే సరిపోదా?"

"ఎత్తుకుపోయినప్పుడు రాసిచ్చి ఎత్తుకుపోలేదు కదా."

ఆయన చూస్తానని లేచాడు. ద్రాక్షపళ్లు మరిచిపోయినట్టు వదిలి వెళ్లబోతే, చెల్లెలు మెట్ల దాకా వెళ్లి సంచి చేతికిచ్చి వచ్చింది.

బుధవారం నేను ముందు వరసలో కూర్చున్నాను. మూడేళ్లుగా ఎదురుచూస్తున్న మాట అది. ఆయన లేచి చేపల గురించి మాట్లాడాడు. జంతువుల గది మరమ్మతుల గురించి మాట్లాడాడు. పరిశోధన అంటే శాఖలో అందరి కృషి అన్నాడు. "మా సీనియర్ మేడమ్ గారి ఆశీస్సులు కూడా" అన్నాడు. కూర్చోబోయాడు.

అప్పుడు వెనక వరసలోంచి కుర్రవాడు లేచాడు.

"సార్, ఒక్క మాట. ఫస్ట్ చాప్టర్ స్లైడ్లన్నీ మేడమ్‌యి. నేను ఒక్కటి గూడ చెయ్యలే. బీరువా తాళం సార్ ఇస్తే నేనే తీసిన. చీటీలు నేనే గీకిన. అందరికీ తెల్వాలె."

నేను హెడ్ ముఖం చూశాను. ఆ ముఖం పడిపోవడం చూడడానికే మూడేళ్లు నోరు మూసుకున్నాను. అది పడిపోలేదు. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, పెద్దగా చప్పట్లు కొట్టాడు.

"చూసిండ్రా! గిదీ నిజాయితీ అంటే! నా స్టూడెంట్!"

అందరూ చప్పట్లు కొట్టారు. నా స్లైడ్లు ఎత్తుకుపోయినవాడు, ఆ ఒప్పుకోలును కూడా అక్కడికక్కడే తన ఖాతాలో వేసుకున్నాడు.

సాయంత్రం కుర్రవాడు నా గదికి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"మేడమ్, చెప్పిన గదా. స్లైడ్లు ఇస్తరా?"

"చెప్పావు. బాగానే చెప్పావు. కానీ నేను అడిగింది నిన్ను కాదు."

"సార్ చెప్పడు మేడమ్. ఎప్పటికీ చెప్పడు."

"అయితే స్లైడ్లు రావు."

అతను ఏడుస్తాడేమో అనుకున్నాను. ఏడవలేదు. "మరి నేనేం చెయ్యాలె?" అన్నాడు.

"రేపు పొద్దున ఎలుకల గదికి రా. రెండు జతలు ఇస్తాను. నీ చేతులతో పెంచు. పుట్టిన పిల్లల్ని తల్లి దగ్గరే ఉంచు. రోజూ ఒకే వేళకు ఒకే మనిషి వెళ్లాలి, ఆ మనిషి నువ్వే కావాలి. కోసే రోజు దాకా అవి నిన్ను చూసి బెదరకూడదు."

అతను అలాగే చేశాడు. హాస్టల్ ఖాళీ చేయించారు. బౌద్ధనగర్‌లో స్నేహితుడి గదిలో ఉంటూ, ట్యూషన్లు చెప్పుకుంటూ, పొద్దున నా కన్నా ముందే ఎలుకల గది దగ్గర ఉండేవాడు. పని పూర్తి కావడానికి ఏడాదిన్నర పట్టింది. మూడు వారాల ఎలుక వల్కలం ముదురు నీలంగా, దళసరిగా వచ్చిన రోజు నన్ను పిలిచి చూపించాడు. వయసు పెరిగేకొద్దీ గ్రంథి పెరిగింది, ఈడు వచ్చాక తగ్గడం మొదలుపెట్టింది. పుస్తకాల్లో ఉన్నట్టే. కొత్త విషయం ఏమీ లేదు. అతని థీసిస్ మొదటి అధ్యాయం కింద నా పేరు అచ్చయింది. నా రెండో సగాన్ని నేను నా ఒక్క పేరు మీద వేరుగా అచ్చువేయించుకున్నాను.

హెడ్‌కు ఆ థీసిస్ చూసే అవకాశం దొరకలేదు. అంతకు ముందే 1997లో రిటైరయ్యాడు. వీడ్కోలు సభ మా సెమినార్ హాలులోనే పెట్టారు. మొదలుకాకముందు నా పక్కకు వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఇంకా కోపమేనా అమ్మా? పిలగాడు చెప్పిండు గదా, అయిపాయె."

"అతను చెప్పాడు సార్. మీరు చెప్పలేదు. ఇంకా టైముంది. మైకు ఇవాళ మీ చేతిలోనే ఉంటుంది."

ఆయన నవ్వి వేదిక ఎక్కాడు. మైకు అందుకుని ముప్పావుగంట మాట్లాడాడు. ఆ ముప్పావుగంటలో ప్రతి వాక్యం విన్నాను. ఆ మాట రాలేదు.

ఆ తరువాత ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి, ఆయనకు శాలువా కప్పించారు. శాఖలో ఆయన తరువాత పెద్దదాన్ని నేనే గనక మొదట నన్నే పిలిచారు. నేను లేవలేదు. వినపడలేదేమోనని రెండోసారి పిలిచారు. వినపడిందని అందరికీ తెలిసేలా తల ఎత్తి, ఆయన ముఖం చూస్తూ, అలాగే కూర్చున్నాను.